సగం వాడిన బ్యాటరీలు

మా బావమరిది పాటలు పాడతాడు. పాడతానని అతను అంటాడు. నా భార్యకు సొంత తమ్ముడు కాబట్టి ఇన్నేళ్ళూ నేను కాదనలేదు. ఇప్పుడు ఆమె లేదు. కాదనడానికి అడ్డమూ లేదు. అయినా ఊరుకుంటున్నాను. మనిషి పోయినా మొహమాటం పోదు.

సోమవారం మధ్యాహ్నం అతను నా రికార్డింగ్ గదికి వచ్చాడు. ఆ గది ఒక పాత మేడ కింది అంతస్తులో, వెనక వైపు ఉంది. పై అంతస్తులో కుట్టుమిషన్ల కార్ఖానా. మిషన్లు నడుస్తున్నంతసేపూ కప్పు సన్నగా వణుకుతుంది. ఆ వణుకు మైకుల్లోకి దిగుతుంది. అందుకని డ్రమ్ములు రికార్డు చేయాలంటే వాళ్ళ సెలవు రోజున, గురువారం, చేస్తాను. గోడలకు నా భార్య కుట్టిన బొంతలు వేలాడుతుంటాయి, చప్పుడు గోడకు తగిలి వెనక్కి రాకుండా. ఒక బొంత మూల మేకు ఊడి కిందికి జారింది. జారి చాలా కాలమైంది. అలాగే ఉంది.

బావమరిది కూర్చోకుండానే విషయం చెప్పాడు. అతని కొత్త పాటలు ఈ నెలాఖరుకు బయటికి రావాలి. అన్నిటికీ డ్రమ్ములు వాయించింది నా భార్యే. ఒక్క పాటలో మాత్రం తాళం నిలకడగా లేదు. దాన్ని గురువారం ఇంకొకరితో నా గదిలో మళ్ళీ వాయించాలి. ఆ ఇంకొకరిని మేమంతా గడియారం అంటాం. ఎంతసేపు వాయించినా వెంట్రుకవాసి అటూ ఇటూ పోడు. నవ్వడు కూడా. గడియారం నవ్వదు కదా.

"అక్క చెయ్యి అప్పటికే పట్టు తప్పింది బావా," అన్నాడు. "మనకి తెలియలేదు గానీ, జబ్బు అప్పటికే లోపలుంది."

ఈ మాట అతను అనడం మొదటిసారి కాదు. ఆమె పోయినప్పటి నుంచి కనిపించిన ప్రతివాడికీ చెబుతున్నాడు. పాపం అక్క, చివర్లో చేతులు మాట వినలేదు, అయినా కూర్చుని వాయించింది అని. కళ్ళు తుడుచుకుంటూ చెబుతాడు. జాలితో చెప్పే మాటకు ఎవరూ ఎదురు చెప్పరు. అందుకే అలాంటి మాట ఉత్త అబద్ధం కన్నా ఎక్కువ కాలం బతుకుతుంది.

గడియారం వాయించాడంటే ఆ మాట ఖాయమైపోతుంది. మిగతా పాటల పక్కన ఆమె పేరు, దీని పక్కన అతని పేరు ఉంటాయి. ఎందుకని ఎవరైనా అడిగితే జవాబు సిద్ధంగా ఉంది. బతుకంతా తాళం పట్టిన మనిషి ఆఖరికి తాళం తప్పి పోయిందట. అది నేను పడను.

పాట ఇక్కడ పెట్టి వెళ్ళమన్నాను. గురువారం దాకా వింటానని, ఆమె తప్పలేదని చూపించగలిగితే డ్రమ్ము అలాగే ఉండాలని, చూపించలేకపోతే గడియారం వాయించుకోవచ్చని చెప్పాను. అతను నా మొహంలోకి చూసి సరే అన్నాడు. వెళ్ళబోతూ గుమ్మంలో ఆగాడు.

"ఉన్నన్నాళ్ళూ ఒక్కసారి బాగుందని అన్నావా బావా? ఇప్పుడు మెచ్చుకుంటే ఎవరికి వినపడుతుంది?"

"బాగుందని ఇప్పుడూ అనను," అన్నాను. "తప్పలేదంటున్నాను."

"ఏంటో ఆ తేడా."

"నీకు తెలియదులే. ఆడలేక మద్దెల ఓడన్న రకానివి నువ్వు."

నవ్వుకుంటూ పోయాడు. బావా బావమరుదుల మధ్య ఇలాంటివి చెల్లుతాయి. నేను నవ్వలేదు.

మిగతా పాటలన్నీ నా గదిలోనే రికార్డయ్యాయి. ఈ ఒక్కటి అతని ఇంటి వెనక షెడ్డులో అయింది. దానికి కారణం ఒక ఊదా రంగు పెట్టె.

అది గిటారువాళ్ళు కాలి దగ్గర పెట్టుకునే పెడల్. అరచేతిలో పట్టే ఇనప పెట్టె, పైన కాలితో నొక్కే ఒక స్విచ్, తిప్పడానికి ఒక నాబు. గిటారు చప్పుడు అందులోంచి పోతే అల వచ్చినట్టు తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. పక్క గదిలో ఎవరో తలుపు మెల్లగా తీసి మెల్లగా వేస్తున్నట్టు ఉంటుంది. గిటారుకు సరే. నా భార్య దాన్ని డ్రమ్ములకు పెట్టేది. స్నేరు అనే చిన్న డ్రమ్ము దెబ్బ దూరం నుంచి దగ్గరికి వస్తున్నట్టు, సింబల్ అనే ఇత్తడి పళ్ళెం చప్పుడు గాలికి చెదురుతున్నట్టు మారిపోయేది. ఎవరో రిపేరువాడితో చేతితో కట్టించుకుంది. గిటారువాళ్ళు చూసి నవ్వేవాళ్ళు. ఆమె వాళ్ళకన్నా గట్టిగా నవ్వేది.

డ్రమ్ము అంటే తోలు, కర్ర, మనిషి చెయ్యి. అంతే. నా గదిలో ఆ పెట్టెకు చోటు లేదని చెప్పాను. ఇప్పుడడిగినా అదే చెబుతాను. ఆమె వాదించలేదు. ఆ పాటకు మాత్రం పెట్టె ఉండాల్సిందేనని, డ్రమ్ములు ఆటోలో వేసుకుని తమ్ముడి షెడ్డుకు పోయింది. రికార్డు చేసి వచ్చింది. ఎలా జరిగిందని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. కొన్ని నెలలకు జబ్బు బయటపడింది. తరవాత పాటల గురించి మాట్లాడుకునే తీరిక మాకు దొరకలేదు.

బావమరిది వెళ్ళాక పాట పెట్టుకుని విన్నాను. పైన మిషన్లు ఆగాక ఇంకోసారి విన్నాను. డ్రమ్ము ఒక్కటే, పాట లేకుండా.

ముందు స్టూలు కిర్రుమంది. ఆమె గొంతు సవరించుకుంది. టక్కుమని ఒక చిన్న చప్పుడు. తరవాత కర్రలు కొట్టి లెక్క పెట్టుకుంది. డ్రమ్ము మొదలైంది.

అది వినడం తేలిక కాదు. ఎందుకో చెప్పను. చెప్పినా పెళ్ళాం ఉన్నవాడికి అర్థం కాదు.

నేను చదివింది పల్లెటూరి బడి. ఒకటే గది, ఒకడే పంతులు. బెత్తంతో బల్ల మీద కొడుతూ ఎక్కాలు చెప్పించేవాడు. దెబ్బకూ నోటికీ మధ్య సందు వస్తే ఆ బెత్తం వీపు మీదికి వచ్చేది. చదువు అబ్బలేదు. చెవి మాత్రం వచ్చింది. పెన్సిలు తీసుకుని బల్ల మీద పంతులులాగే కొట్టుకుంటూ విన్నాను.

బావమరిది చెప్పింది అబద్ధం కాదు. స్నేరు నా పెన్సిలు వెనక పడింది. సింబల్ కూడా పడింది. గడియారం వింటే ముక్కు మీద వేలేసుకుంటాడు. 

మళ్ళీ పెట్టాను. ఈసారి చేతిని వదిలేసి కాలిని విన్నాను. కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము ఒక్క దెబ్బ కూడా తప్పలేదు. నాకు అక్కడ అనుమానం వచ్చింది. ఆమె జబ్బు నేను దగ్గరుండి చూశాను. ముందు పట్టు తప్పింది కాళ్ళే. చేతులతో చివరి వారం దాకా నా మణికట్టు పట్టుకుంటే నాకు నొప్పి పుట్టేది.

ఇంకోసారి పెట్టి స్నేరును విన్నాను. అది వెనక పడుతున్న తీరు చూశాను. ఒక్కసారిగా పడటం లేదు. కొద్దికొద్దిగా వెనక్కి జరిగి, కొంతసేపు అక్కడే ఉండి, కొద్దికొద్దిగా వచ్చి పెన్సిలును కలుస్తోంది. మళ్ళీ అంతే దూరం పోతోంది. మళ్ళీ అంతే సేపటికి వస్తోంది. పాట పొడుగునా అంతే.

తూలేవాడు వరసగా తూలడు. తాగినవాడిని చూడండి. ఒక అడుగు ఇటు, మూడు అటు. అచ్చంగా ఒకే వరసలో వెనక్కీ ముందుకూ పోతున్నాడంటే వాడు తూలడం లేదు. దేన్నో చూసి నడుస్తున్నాడు.

బావమరిదికి ఫోన్ చేసి అడిగాను, ఆ రోజు ఆమె చెవుల్లో ఏం వినపడిందని. అతనికి ముందు అర్థం కాలేదు. తరవాత చెప్పాడు. మైకుల్లోంచి వచ్చిన డ్రమ్మును తన ఊదా పెట్టెలోంచి పంపి తన హెడ్‌ఫోన్లకు పెట్టుకుందట. రికార్డులోకి మాత్రం పెట్టె లేకుండా, ఉత్త డ్రమ్మే పోయిందట. పెట్టె చప్పుడు తరవాత కలుపుదామని ఆమె అంటే, చూద్దాంలే అక్కా అన్నాడట. అంతటితో మరిచిపోయాడు.

"అదో బొమ్మ కదా బావా. ఎప్పుడూ పెట్టుకునేదేగా."

ఫోన్ పెట్టేశాను. ఆమె నా పెన్సిలులాంటి నిలకడ తాళాన్ని విని వాయించలేదు. చెవుల్లో తెరుచుకుంటూ మూసుకుంటూ ఉన్న అలను విని వాయించింది. తలుపు తెరుచుకుంటున్నంతసేపూ ఆగి, సరిగ్గా తెరుచుకున్నప్పుడు లోపలికి అడుగు వేసింది. ఇప్పుడు తలుపు తీసేసి, ఆమె అడుగు ఆలస్యమైందని అందరూ అంటున్నారు.

ఇది నా ఊహ. రుజువు కావాలంటే ఆ పెట్టె కావాలి.

ఆమె సంచి నా గది వెనక సామాన్ల అరలో ఉంది. ఆసుపత్రికి పోయే ముందు ఆమే పెట్టింది. నేను తియ్యలేదు. మంగళవారం పొద్దున తీశాను. విరిగిన కర్రలు, విరగని కర్రలు, డ్రమ్ము బిగించే తాళంచెవి, చెమట తుడుచుకునే తువ్వాలు, జుట్టుకు కట్టుకునే రబ్బరు బ్యాండు. అడుగున పెట్టె. నాబు ఎడమ చివరకు తిరిగి ఉంది. అది కదిలిందో లేదో తెలియడానికి నాబు మీదా పెట్టె మీదా గోళ్ళ రంగుతో చుక్కలు పెట్టుకుంది. రెండు చుక్కలూ ఎదురెదురుగా ఉన్నాయి. వెనక మూత తీస్తే బ్యాటరీ లేదు. వాడటం అయ్యాక బ్యాటరీ తీసేయడం ఆమె అలవాటు. లోపల ఉంచితే కారి పాడుచేస్తుంది.

మైకుల కోసం తెచ్చుకున్న కొత్త బ్యాటరీ ఒకటి విప్పి వేశాను. పని పెద్దదేమీ కాదు. రికార్డయిన డ్రమ్మును రికార్డింగ్ మిషన్లోంచి బయటికి తీసి, పెట్టెలోంచి పోనిచ్చి, మళ్ళీ లోపలికి తెచ్చుకోవాలి. నేరుగా పంపితే ఆ బలానికి పెట్టె గొంతు చించుకుంటుంది. దానికి గిటారు అంత చిన్న చప్పుడే పడుతుంది. మధ్యలో బలం తగ్గించే డబ్బా ఒకటి పెట్టి పంపాను.

కలవలేదు.

అల ఒక దారిన పోయింది, ఆమె చెయ్యి ఒక దారిన పోయింది. ఉత్త డ్రమ్మే నయం. అల ఆమె కన్నా తొందరగా తిరుగుతోంది. ఇంకా నెమ్మది చేద్దామంటే నాబు ఎడమ చివరనే ఉంది. అంతకన్నా పోదు. చుక్క కూడా అక్కడే ఉంది. ఆమె వాడింది ఈ పెట్టె, ఈ చోటు. అయినా కలవడం లేదు.

ఆ సాయంత్రం ఇంటికి పోయి అన్నం తినకుండా కూర్చున్నాను. మా ఇంట్లో రెండు కుర్చీలున్నాయి. ఒకదాంట్లో నేను కూర్చుంటాను. రెండోదాంట్లో ఉతికిన బట్టలుంటాయి. మడత పెట్టేవాళ్ళు లేరు కాబట్టి అక్కడి నుంచే ఒంటి మీదికి వస్తాయి. ఎవరితోనైనా చెప్పుకుందామంటే రోజు మొత్తం మీద నేను మాట్లాడేది మైకు పరీక్షకు అనే హలో హలోలే. దానికి ఎవరూ జవాబు చెప్పరు, చెప్పనక్కరలేదు.

బావమరిది మాటే నిజమేమో అనిపించింది. ఆ మాట మనసులోకి రానిచ్చినందుకు అతని మీదే కోపం వచ్చింది.

బుధవారం ఒక సభకు మైకులు పెట్టే పని ఉంది. వైర్లు లేని చేతి మైకులు. ఒక్కోదానికి ఒక చదరపు బ్యాటరీ. ఈ పనిలో నాకు ఒక పద్ధతి ఉంది. ప్రతి సభకూ కొత్త బ్యాటరీలు వేస్తాను. పాతవాటిలో సగం ప్రాణం ఉన్నా సరే. పెద్దమనిషి మాట మధ్యలో మైకు చచ్చిపోతే హాలు హాలంతా తిరిగి నా వైపు చూస్తుంది. ఆ చూపు నాకు పడదు. తీసినవాటిని గది తలుపు పక్కన ఒక పాత బిస్కెట్ల డబ్బాలో పడేస్తాను.

సభ ముగించుకుని వచ్చి బ్యాటరీలు డబ్బాలో వేయబోయాను. పట్టలేదు. పైదాకా నిండి మూత లేచి ఉంది. ఒకటి జారి నేల మీద దొర్లింది.

ఇన్నేళ్ళలో ఆ డబ్బా ఎప్పుడూ నిండలేదు.

అక్కడే నేల మీద కూర్చున్నాను. డబ్బా ఎందుకు నిండదో నేనెప్పుడూ ఆలోచించలేదు. కుళాయి కింద తూము ఉన్నట్టు, వేస్తే పోతాయి అనుకున్నాను. పోయేవి ఆమె సంచిలోకి. పారేసేవాటిని వాడుకుంటోంది, పొదుపు మనిషి అనుకుని ఊరుకున్నాను. కానీ కొత్తవి పక్క అరలోనే ఉండేవి. అడిగితే కాదనేవాడిని కాదు. అయినా ఆమె ఈ డబ్బా ముందే బాసింపట్టు వేసుకుని కూర్చునేది. ఒక్కో బ్యాటరీ తీసి, దాని రెండు కొనలూ నాలుకకు ఆనించి, మొహం పెట్టి, ఇది కాదు అన్నట్టు పక్కన పెట్టేది. చిన్నపిల్ల వేషాలని నేను విసుక్కునేవాడిని. ఆమె అలా ఎన్నో వదిలి ఒకటి తీసుకునేది, బొత్తిగా పనికిరానివి పారబోసేది.

బ్యాటరీ సగం అయిపోతే ఆ పెట్టెలో అల నెమ్మదిస్తుంది. రిపేరువాడు చేతితో కట్టిన పెట్టె. లోపల కరెంటును నిలకడగా ఉంచే భాగాలేవీ లేవు. నాబు చివరి దాకా తిప్పినా చాలనంత నెమ్మది ఆమెకు కావాలి. అది బ్యాటరీలోంచి తెచ్చుకుంది. నేను పారేసినదాంట్లోంచి ఏరి తెచ్చుకుంది.

మీటరు పెట్టి కొలవొచ్చు. కొలిచి ఏం లాభం, ఆమెకు ఎంత కావాలో మీటరుకు తెలియదు. ఒకటి తీసి నాలుకకు ఆనించాను. చురుక్కుమంది. ఇనుమూ పులుపూ కలిసిన రుచి. ఇది బలంగా ఉంది. ఇంకొకటి తీశాను. చప్పగా ఉంది. ఇలా ఒక్కోటి నాకి చూసి, మధ్యస్తంగా తోచినవాటిని పెట్టెలో వేసి, డ్రమ్మును పంపి, వినడం. తొందరగా తిరిగితే పక్కన పెట్టడం. మరీ నీరసిస్తే ఇంకో పక్కన పెట్టడం. నాలుక మొద్దుబారింది. నీళ్ళు తాగి మళ్ళీ మొదలుపెట్టాను. పైన మిషన్లు నడుస్తూనే ఉన్నాయి. వాళ్ళలో ఎవరైనా కిందికి దిగి తలుపులోంచి చూసి ఉంటే, నేల మీద కూర్చుని బ్యాటరీలు నాకుతున్న ముసలివాడు కనిపించేవాడు. అనుకోనీ.

ఒకటి దొరికింది. అల తిరిగే వేగమూ ఆమె చెయ్యి వెనకబడే వేగమూ ఒకటే అయ్యాయి. ఒకటి పోయినంత దూరం రెండోది పోయింది. కానీ జత కలవలేదు. ఆమె వస్తున్నప్పుడు అల పోతోంది. ఒకే దారిలో నడిచే ఇద్దరు మనుషులు వేరువేరు వేళల్లో బయల్దేరినట్టుంది.

బయల్దేరిన వేళ తప్పు. ఆమె బయల్దేరింది ఎప్పుడు?

పాట మొదటికి పోయి విన్నాను. స్టూలు కిర్రు. గొంతు సవరింపు. టక్.

కర్ర తగిలిన చప్పుడు అనుకున్నాను దాన్ని. కాదు. నా పక్కనున్న పెట్టె స్విచ్చు నొక్కాను. టక్. అదే చప్పుడు. దుకాణంలో కొనే పెట్టెల్లో అల లోపల ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. నొక్కితే దానికి తలుపు మాత్రమే తీస్తాం. ఈ పెట్టెలో అలా కాదు. బ్యాటరీ ఆదా కావాలని స్విచ్చు కరెంటునే ఆపేలా కట్టారు. నొక్కిన క్షణం నుంచే అల పుడుతుంది. ఆమె కాలు వేసి, దాన్ని పుట్టించి, దానితో పాటు లెక్క మొదలుపెట్టింది. ఆమె నొక్కిన చోట నేను నొక్కాలి.

చేయి స్విచ్చు మీదికి పోయింది. ఆపుకున్నాను. బ్యాటరీ తోడుతున్న కొద్దీ తగ్గుతుంది. ఇది కత్తి అంచు మీద ఉంది. ఇప్పుడు నేను విని తృప్తి పడితే, రేపు వాళ్ళకు వినిపించే వేళకు అల ఇంకా నెమ్మదిస్తుంది. బ్యాటరీ తీసి జేబులో పెట్టుకుని ఇంటికి పోయాను.

గురువారం గడియారం వేళకు వచ్చాడు. బావమరిది ఇంకా రాలేదు. గడియారం తన డ్రమ్ములు దింపుకుని బిగించుకున్నాడు. నాకన్నా చిన్నవాడు, అన్నా అని పిలుస్తాడు. స్టూలు ఎత్తు సరిచేసుకుంటూ, వదినగారి పాట మీద చెయ్యి పెట్టాలంటే ఇబ్బందిగా ఉందని, అడిగారు కాబట్టి వచ్చానని అన్నాడు. తరవాత, చివర్లో పాపం ఆమె చాలా కష్టపడిందట కదా అన్నాడు. బావమరిది ఆ మాటను అంతదూరం మోసుకుపోయాడు. ముందు ఒక పాట వినాలని, విన్నాక వాయించవచ్చని మాత్రం చెప్పాను.

బావమరిది వచ్చి గోడకు ఆనుకుని చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఊదా పెట్టెను వంగి చూశాడు.

జేబులోంచి బ్యాటరీ తీసి వేశాను. కుర్చీని ముందుకు లాక్కుని, ఎడమ కాలి చెప్పు విడిచి, పెట్టె మీద పాదం ఆనించాను. ఇనుము చల్లగా ఉంది. రికార్డింగు మొదలుపెట్టి పాట వదిలాను.

స్టూలు కిర్రుమంది. ఆమె గొంతు సవరించుకుంది. నొక్కాను.

కర్రలు లెక్కపెట్టాయి. డ్రమ్ము మొదలైంది. అల తెరుచుకోసాగింది. ఆమె స్నేరు వెనక్కి జరిగింది, ఇంకాస్త జరిగింది. ఇక పడిపోతుంది అనిపించిన చోట, తలుపు పూర్తిగా తెరుచుకున్న చోట, దెబ్బ నిలబడింది. సింబల్ గదంతా పరుచుకుని మూసుకుంది. మళ్ళీ తెరుచుకుంది. మళ్ళీ ఆమె అక్కడే ఉంది. తొందరపడలేదు, వెనకబడలేదు. పాట పొడుగునా ప్రతిసారీ తలుపు తెరుచుకునే వేళకు గుమ్మంలో ఉంది.

గడియారం కాలు కదపడం మొదలుపెట్టాడు. మధ్యలో ఆపి, తల వంచుకుని విన్నాడు. పాట అయిపోయాక కర్రలు రెండూ స్నేరు మీద అడ్డంగా పెట్టి లేచాడు.

"దీని మీద నన్నేం వాయించమంటారన్నా?"

డ్రమ్ములు విప్పుకోవడం మొదలుపెట్టాడు. విప్పేటప్పుడు కూడా ఏ మరమేకూ జారవిడవలేదు. వెళ్ళేటప్పుడు నాకు చెప్పి వెళ్ళాడు. బావమరిదికి చెప్పలేదు.

బావమరిది గోడ దగ్గరే ఉన్నాడు. ఏడుస్తున్నాడు. ఈసారి తుడుచుకోవడం లేదు.

"నాకు తెలియదు బావా."

"తెలియదు. తెలియకుండానే అందరికీ చెప్పావు."

"ఏం చెయ్యమంటావు ఇప్పుడు?"

"చెప్పిన ప్రతివాడి దగ్గరికీ పోయి, తప్పింది నా చెవి అని చెప్పు. అక్క చెయ్యి కాదని చెప్పు."

సరే అన్నాడు. చెబుతాడో లేదో నాకు తెలియదు. ఏడుపు మొహంతో మొదటి మాట చెప్పడం తేలిక. రెండో మాటకు అంత ఏడుపు రాదు. నేను అతని భుజం మీద చెయ్యి వేయలేదు. ఆమె ఉంటే వేసేది.

పాట డిస్కులో ఎక్కించి ఇచ్చాను. అతను మొదలు ఒకసారి విని, ముందున్న చప్పుళ్ళు, ఆ కిర్రూ గొంతు సవరింపూ టక్కూ, కోసేద్దామా అని అడిగాడు. పాటలకు అలా ఉంచరు కదా అన్నాడు.

"ముట్టుకోవద్దు," అన్నాను.

అతను పోయాక మధ్యాహ్నం నాకోసం ఇంకోసారి పెట్టుకున్నాను. బ్యాటరీ అప్పటికే దిగిపోయింది. అల ఈడ్చుకుంటూ నడిచింది. ఆమె దాన్ని దాటి ముందుకు వెళ్ళిపోయింది. ఇంకో బ్యాటరీ కోసం డబ్బా వైపు చూశాను. అందులో ఇంకా ఎన్నో ఉన్నాయి. మూత పెట్టి గట్టిగా అదిమాను. మూసుకోలేదు.

నాకు ఆ చప్పుడు ఇప్పటికీ నచ్చదు. డ్రమ్ముకు పెట్టె అక్కరలేదు. ఎవరైనా ఆ పెట్టెలాంటిది తీసుకుని నా గదికి వస్తే బయట పెట్టి రమ్మంటాను.

ఆ గురువారం పొద్దున రికార్డయినదాన్ని మాత్రం అప్పుడప్పుడు వింటాను. పాట దాకా పోను. మొదలు వరకే. ఆ రోజు నేను నొక్కినప్పుడు పెట్టెలో పుట్టిన చప్పుడు కూడా అందులోకి ఎక్కింది. శ్రద్ధగా వింటే రెండు టక్కులు వినపడతాయి. మొదటిది ఆమెది. రెండోది నాది, కొంచెం ఆలస్యంగా.